కుర్చీలో నిద్ర, మానని పుండు: ఇంగ్లండ్‌లో డిస్ట్రిక్ట్ నర్సింగ్ ప్లేస్‌మెంట్ నుంచి ఒక కేస్ స్టడీ

ఇంగ్లండ్‌కి నర్సింగ్ చదవడానికి వచ్చే మన విద్యార్థుల్లో చాలామంది కమ్యూనిటీ ప్లేస్‌మెంట్ (ఆసుపత్రి బయట, రోగుల ఇళ్లకు వెళ్లి పని నేర్చుకునే విడత) పడగానే కాస్త నిరాశపడతారు. ఐసీయూ, థియేటర్, ఎమర్జెన్సీ పడితే చదువు. ఇల్లిల్లూ తిరిగి కట్లు కట్టడం పడితే ఎనిమిది వారాలు వృథా అన్న లెక్క. ఆ లెక్క తప్పని ఈ కేసు చూపిస్తుంది. ఇందులో ఉన్నది ఒక కాలి పుండు. పుండు కాలిమీదే ఉన్నా, అది మానకపోవడానికి కారణం గుండెలో ఉంది. దాన్ని పట్టించిన ఆనవాలు మాత్రం ముందు గదిలోని కుర్చీలో దొరికింది.

డిస్ట్రిక్ట్ నర్సు వారానికి రెండుసార్లు వెళ్తే, రెండు విజిట్లూ కలిపి గంటన్నర. వారంలో ఉన్నవి 168 గంటలు. మిగిలిన 166 గంటలకు పైగా ఆ కాలు ఎక్కడుంటుంది, ఎలా ఉంటుంది అన్నది తెలియకుండా ఎంత చక్కగా కట్టు కట్టినా ప్రయోజనం తక్కువ. విద్యార్థికి కమ్యూనిటీలో నేర్పాల్సిన మొదటి విషయం ఇదేనని మా అభిప్రాయం.

రోగి ఎవరో తెలియకూడదు కాబట్టి ఒకే తరహా కేసులు కొన్నింటిని కలిపి, వయసు, కొలతలు, కుటుంబ వివరాలు మార్చి ఇక్కడ ఒకే కేసుగా రాశాం. ఈ కేసు చూసిన నర్సింగ్ విద్యార్థిని విషయంలోనూ అంతే.

ప్లేస్‌మెంట్ నేపథ్యం

బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ నియమాల ప్రకారం మొత్తం 4,600 గంటల చదువు ఉండాలి. అందులో సగం, అంటే 2,300 గంటలు, ప్రాక్టీసులో గడవాలి. వారానికి 37.5 గంటల చొప్పున ఎనిమిది వారాల కమ్యూనిటీ ప్లేస్‌మెంట్‌తో 300 గంటలు పూర్తవుతాయి. ఆ సమయంలో విద్యార్థి సూపర్‌న్యూమరరీ, అంటే సిబ్బంది లెక్కలోకి రాదు. రోజూ పక్కన ఉండి నేర్పేవారు ప్రాక్టీస్ సూపర్‌వైజర్, చివరికి పాస్ చేసేవారు ప్రాక్టీస్ అసెసర్. ఒకే విద్యార్థికి ఈ రెండు పాత్రలూ ఒకే మనిషి పోషించకూడదు.

డిస్ట్రిక్ట్ నర్సింగ్ ఇల్లు కదలలేని వాళ్ల కోసం ఉన్న సేవ. బస్సెక్కి క్లినిక్‌కి రాగలిగినవాళ్లు జీపీ సర్జరీ, అంటే ఫ్యామిలీ డాక్టరు క్లినిక్, అందులోని నర్సు దగ్గరకే వెళ్తారు. ఈ పద్ధతికి 160 ఏళ్లు దాటాయి. 1859లో లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్, తన భార్యకు చివరి రోజుల్లో సేవ చేసిన మేరీ రాబిన్సన్ అనే నర్సును ఊళ్లోని పేదల ఇళ్లకు పంపడంతో మొదలైంది.

మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకు కమ్యూనిటీ బ్యాగ్ టెక్నిక్ గుర్తుండే ఉంటుంది: పేపరు పరిచి బ్యాగు దానిమీద పెట్టడం, ముందు చేతులు కడుక్కునే సామాను మాత్రమే తీయడం, శుభ్రమైనవీ వాడినవీ కలవకుండా చూడటం. ఇక్కడా సూత్రం అదే. మోచేతుల కింద గడియారం, గాజులు, పొడుగు చేతులు ఉండకూడదు. బ్యాగు పరుపు మీద, కార్పెట్ మీద పెట్టకూడదు. కొత్తగా నేర్చుకోవాల్సింది కీ సేఫ్ సంగతి. తలుపు పక్కన గోడకున్న చిన్న పెట్టెలో తాళంచెవి ఉంటుంది, దానికో నంబరు. ఆ నంబరు, ఇంటి అడ్రసు ఒకే కాగితం మీద రాసుకోవడం పెద్ద తప్పు. కాగితం కారులోంచి జారి రోడ్డుమీద పడితే ఒంటరిగా ఉన్న ముసలామె ఇంటి తాళం ఎవరికో అప్పజెప్పినట్టే.

రెఫరల్‌లో ఏముంది

రోగి మహిళ, వయసు 78. ఒంటరిగా ఉంటారు. పక్క ఇళ్లకు అతుక్కుని వరసలో ఉండే రెండంతస్తుల పాత ఇల్లు, పడగ్గది పైన. బీపీకి ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు. రెండు మోకాళ్లూ అరిగాయి. ఎడమ చీలమండ లోపలివైపు ఏడు వారాలుగా పుండు. జీపీ సర్జరీలో మూడు వారాలపాటు రెండు కాళ్లకూ తేలికపాటి ట్యూబులర్ కట్టు వేశారు. రోగి రెండుసార్లు అర్ధరాత్రి కత్తెరతో కోసి తీసేశారు. ఆ తర్వాత సర్జరీకి రావడం మానేశారు. రికార్డులో ఒక వాక్యం: "కట్టు ఉంచుకోవడం లేదు, సహకారం తక్కువ."

ఈ వాక్యం విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఒకసారి రికార్డులోకి ఎక్కితే తర్వాత వచ్చే ప్రతి నర్సూ రోగిని ఆ కళ్లద్దాలతోనే చూస్తుంది. అర్ధరాత్రి రెండు గంటలకు 78 ఏళ్ల మనిషి లేచి, కత్తెర వెతికి, వంగి కట్టు కోసుకుందంటే దానికి బలమైన కారణం ఉండి తీరాలి. ఆ కారణం ఏమిటని అడిగినట్టు రికార్డులో ఎక్కడా లేదు.

మొదటి విజిట్‌లో రాసుకున్నవి:

పుండు పొడవు 4.2, వెడల్పు 3.1 సెంటీమీటర్లు, వైశాల్యం సుమారు 13 చదరపు సెంటీమీటర్లు. లోతు లేదు. అడుగున పసుపు పచ్చని పొర సగానికి పైగా. రసి బాగా కారుతోంది, డ్రెస్సింగ్ దాటి సాక్సు తడిసింది. చుట్టూ చర్మం నానిపోయి తెల్లబడింది. చీలమండ పైన గోధుమరంగు మచ్చలు, గట్టిపడిన చర్మం. ఇవన్నీ సిరల్లో రక్తం వెనక్కి తన్నే జబ్బుకు గుర్తులు. జ్వరం లేదు, పుండు చుట్టూ వేడి లేదు, నొప్పి కొత్తగా పెరగలేదు. అందుకే స్వాబ్ తీయలేదు. ప్రతి పుండులోనూ క్రిములుంటాయి. ఇన్ఫెక్షన్ లక్షణాలు లేకుండా స్వాబ్ పంపితే ఏదో ఒకటి పెరుగుతుంది, దానికి అక్కర్లేని యాంటీబయోటిక్ మొదలవుతుంది.

వాపు రెండు కాళ్లకూ ఉంది. వేలితో నొక్కితే గుంట పడి, నిదానంగా నిండుతోంది. వాపు మోకాలి దాకా పాకింది. ఎడమ చీలమండ చుట్టుకొలత 28, కుడిది 27 సెంటీమీటర్లు. పుండు ఒక కాలికి, వాపు రెండు కాళ్లకూ సమానంగా. ఇక్కడే ఆగి ఆలోచించాలి. సిరల జబ్బు రెండు కాళ్లకూ రావచ్చు, నిజమే. కానీ రెండువైపులా సమానంగా వాపుంటే గుండె, కిడ్నీ, లివర్, రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్, మందులు వరసగా గుర్తుకు రావాలి. ఆమ్లోడిపిన్ ఒక్కటే చాలు చీలమండలు వాయడానికి, అందులోనూ 10 మిల్లీగ్రాముల మోతాదులో. కాబట్టి కారణం ఒకటే ఉండాలన్న నియమం లేదు.

విద్యార్థిని నొప్పి ఎంతుందని అడిగితే వచ్చిన జవాబు "నాట్ టూ బ్యాడ్, లవ్". మన అమ్మమ్మలు "ఏదో అలా ఉంది లేమ్మా" అన్నట్టే ఇదీ. నొప్పి లేదని దానికి అర్థం కాదు. సున్నా నుంచి పది వరకు అంకె అడిగితే ఆరు అన్నారు. రాత్రి ఎనిమిది. రాత్రిపూట వేరుగా అడగడం ఆ రోజు విద్యార్థిని చేసిన మంచి పని. కాలు పైకెత్తి పడుకున్నప్పుడు నొప్పి పెరుగుతోందా, కిందికి వేలాడేస్తే తగ్గుతోందా అన్నదీ అడగాలి. అలా ఉంటే ధమనుల జబ్బును అనుమానించాలి. ఈమె విషయంలో తేడా తెలియలేదు, ఎందుకంటే కాలు పైకెత్తి పడుకోవడమే లేదు.

ఈ ఆఖరి మాట నోట్స్‌లోకి ఎక్కింది. దాని అర్థం మాత్రం ఆ రోజు ఎవరికీ తట్టలేదు. "మెట్లెక్కలేక కింద రిక్లైనర్ కుర్చీలో పడుకుంటున్నారు" అని రాసి వదిలేశారు. మోకాళ్లు అరిగిన మనిషి, పడగ్గది పైన. కారణం చక్కగా అతికింది. అందుకే ఇంకెవరూ అడగలేదు.

డాప్లర్: కొలత సరే, భంగిమ తప్పు

సిరల పుండుకు వేసే బిగువు కట్టు (కంప్రెషన్) కట్టే ముందు కాలికి రక్తం సరిగా చేరుతోందా అన్నది తేల్చుకోవాలి. దీనికి చేత్తో పట్టుకునే, రక్త ప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే డాప్లర్‌తో ఏబీపీఐ కొలుస్తారు: చీలమండ దగ్గరి సిస్టాలిక్ (బీపీలో పై అంకె) పీడనాన్ని చేతి సిస్టాలిక్ పీడనంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. పద్ధతి ఇది.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కనీసం పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. పుండు మీద పలుచటి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి, దానిమీద కఫ్ (బీపీ చూసే పట్టీ) వేయాలి. 8 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌ను చర్మానికి సుమారు 45 డిగ్రీల వాలులో, నొక్కకుండా పెట్టాలి. నొక్కితే ధమనే మూసుకుపోతుంది, కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇది. రెండు చేతుల్లోనూ పీడనం తీసి ఎక్కువ వచ్చింది తీసుకోవాలి. ప్రతి కాలికీ పాదం పైన ఒకటి, చీలమండ వెనక ఒకటి, కనీసం రెండు ధమనులు కొలిచి ఎక్కువది తీసుకోవాలి.

0.8 నుంచి 1.3 మధ్య ఉంటే, మిగతా పరీక్షలు కూడా సరిపోతే, 40 మిల్లీమీటర్ల పాదరసం పూర్తి బిగువు కట్టవచ్చు. 0.5 నుంచి 0.8 మధ్య ఉంటే నిపుణుల సలహాతో తక్కువ బిగువు. 0.5 కంటే తక్కువైతే కట్టు వద్దు, అత్యవసరంగా వాస్క్యులర్ (రక్తనాళాల) విభాగానికి. 1.3 దాటితే సంతోషించకూడదు. షుగర్, కిడ్నీ జబ్బుల్లో ధమనులు గట్టిపడి కఫ్‌కి లొంగవు, అందుకే అంకె పెరుగుతుంది. షుగర్ ఇంత ఎక్కువగా ఉన్న మన తెలుగు కుటుంబాల్లో పనిచేసేవాళ్లు ఈ ఆఖరి సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

అదే వారం శుక్రవారం విద్యార్థిని సూపర్‌వైజర్ ఎదుట కొలత తీసింది. రోగి వెల్లకిలా పడుకోనన్నారు. "ఇలాగే బాగుంది నాకు" అన్నారు. కుర్చీ కొంచెం వెనక్కి వాల్చి, పాదాలు చిన్న స్టూలు మీద పెట్టించి కొలిచారు. కుడి చెయ్యి 148, ఎడమ చెయ్యి 144. ఎడమ కాలు 158, 164. కుడి కాలు 166, 170. లెక్క వేస్తే ఎడమ 1.11, కుడి 1.15. విద్యార్థిని ఫలితం రాసి, పూర్తి బిగువు కట్టు కిట్ తెరవబోయింది.

సూపర్‌వైజర్ ఆపి, టేపు తీసి గుండె మట్టానికీ చీలమండకూ మధ్య ఎత్తు కొలవమన్నారు. 35 సెంటీమీటర్లు వచ్చింది. గుండెకంటే కిందున్న ప్రతి సెంటీమీటరుకూ రక్తపు బరువు సుమారు 0.77 మిల్లీమీటర్ల పాదరసం చొప్పున పీడనంలో కలుస్తుంది. 35 సెంటీమీటర్లకు 27. అంటే 164లో 27 గుండె పంపింది కాదు, కేవలం కాలు కిందుండటం వల్ల వచ్చింది. తీసేస్తే 137, నిష్పత్తి 0.93. ఈమె విషయంలో ఇంకా సురక్షిత హద్దులోనే ఉంది. అయితే అసలు నిష్పత్తి 0.65 ఉన్న రోగికి ఇదే కుర్చీలో, ఇదే స్టూలు మీద కొలిస్తే 0.83 కనిపిస్తుంది. రక్తం చాలని కాలికి పూర్తి బిగువు పడుతుంది. అలా కట్టిన కట్టు కింద చర్మం నల్లబడి చచ్చిపోతుంది, కాలు పోయే ప్రమాదమూ ఉంది.

పడుకోలేని రోగికి ఏం చేయాలి? తల, వీపు ఎంత ఎత్తు కావాలంటే అంత ఎత్తులో ఉంచి, కాళ్లనూ దిండ్లతో గుండె మట్టం దాకా లేపాలి. అదీ కుదరకపోతే భంగిమ, ఎత్తు తేడా రికార్డులో రాసి, అంకెను సవరించి, అది ఉజ్జాయింపు అని స్పష్టంగా చెప్పాలి. ధ్వనిని కూడా వినాలి: ఆరోగ్యంగా ఉన్న ధమని రెండు మూడు శబ్దాలుగా చప్పుడు చేస్తుంది, ఇరుకైనది ఒకే మెత్తని ఊపుగా వినిపిస్తుంది.

కిట్ మూసేశారు. ఆ తర్వాత సూపర్‌వైజర్ రోగిని అడిగింది ఒకే ప్రశ్న. "వెల్లకిలా పడుకుంటే ఏమవుతుంది?"

"ఊపిరాడదు."

కుర్చీ వెనక కథ

ఐదు నెలలుగా ఇదే వరస. మొదట రెండు దిండ్లు, తర్వాత మూడు, చివరికి కుర్చీ. రాత్రి ఒకటి రెండు గంటలకు ఆయాసంతో మెలకువ వస్తుంది. కిటికీ తెరిచి కూర్చుంటారు. రాత్రంతా కాళ్లు కిందికి వేలాడుతుంటాయి కాబట్టి వాపు పెరుగుతుంది. ట్యూబులర్ కట్టు మోకాలి కింద తాడులా బిగుస్తుంది. రెండు కాళ్లకూ ఒకేసారి కట్టడంతో కాళ్లలోని నీరు గుండె మీదికి మళ్లి ఆయాసం పెరిగి ఉండవచ్చు. కత్తెర కథ అది.

మెట్లెక్కలేకపోవడానికీ కారణం మోకాళ్లు మాత్రమే కాదు. నాలుగో మెట్టుకే ఊపిరి చాలదు.

వంటగదిలో మందులు చూపించమని విద్యార్థిని అడిగింది. జీపీ ఇచ్చిన డబ్బాల పక్కన సూపర్‌మార్కెట్లో కొన్న ఐబుప్రొఫెన్ 200 మిల్లీగ్రాముల అట్టలు నాలుగున్నాయి. మోకాళ్ల నొప్పికి రోజుకు మూడుసార్లు, దాదాపు ఏడాదిగా. జీపీ రికార్డులో ఇది లేదు, ప్రిస్క్రిప్షన్ లేకుండా కొన్నది కాబట్టి. ఐబుప్రొఫెన్ ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలవేస్తుంది, బీపీ పెంచుతుంది, గుండె ఫెయిల్యూర్‌ను ముదురుస్తుంది. "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగితే ఎవరూ దీని పేరు చెప్పరు, వాళ్ల దృష్టిలో అది మందు కాదు. "షాపులో ఏమైనా కొంటున్నారా? నొప్పికి ఏం వేసుకుంటారు?" అని విడిగా అడగాలి. మన దగ్గరైతే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ గురించి ఇలాగే అడగాలి.

అదే రోజు జీపీకి ఫోన్ వెళ్లింది. ఎలా చెప్పాలో ఎస్‌బార్ పద్ధతిలో విద్యార్థినే తయారు చేసుకుంది: పరిస్థితి, నేపథ్యం, పరిశీలన, ఏం కావాలి. నాడి 92, ఆక్సిజన్ 94 శాతం, శ్వాస నిమిషానికి 20, బరువు 81.4 కిలోలు. మొదట రాసుకున్న ముసాయిదాలో కాలి పుండు ముందు, ఆయాసం ఆఖర్న ఉంది. సూపర్‌వైజర్ వరస తిప్పించారు. డాక్టరు ఫోన్‌లో మొదటి వాక్యం వినగానే ఎంత తొందరో నిర్ణయిస్తారు.

రక్తంలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె మీద భారం పడితే పెరిగే పదార్థం) 1,640 వచ్చింది. ఇంగ్లండ్‌లో చికిత్స ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఇది 400 నుంచి 2,000 మధ్య ఉంటే ఆరు వారాల్లో, 2,000 దాటితే రెండు వారాల్లో నిపుణుల పరీక్ష, గుండె ఎకో జరగాలి. జీపీ ఐబుప్రొఫెన్ ఆపించి పారాసిటమాల్ ఇచ్చారు, ఆమ్లోడిపిన్ తగ్గించారు, ఒంట్లోని నీటిని మూత్రంగా పంపే ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాములు ఉదయంపూట మొదలుపెట్టారు. ఎకోలో గుండె పిండే శక్తి బాగానే ఉంది, కానీ కండ గట్టిపడి సరిగా నిండటం లేదని తేలింది.

ఈలోగా పుండుకు బిగువు లేని కట్టే. రసి పీల్చే డ్రెస్సింగ్, చుట్టూ చర్మానికి రక్షణ పొర, వారానికి మూడు విజిట్లు. పుండు తగ్గకపోయినా ముదరకుండా చూడటమే ఆ మూడు వారాల లక్ష్యం. విద్యార్థినికి ఇది కష్టంగా తోచింది, చేతిలో కిట్ ఉండీ కట్టకుండా ఉండటం. ఆగడం కూడా చికిత్సలో భాగమేనని అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది.

కొడుకు ఫోన్

రెండో వారంలో ఒక పొరపాటు జరిగింది. ప్లేస్‌మెంట్‌కి వచ్చే మన విద్యార్థుల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాం.

విజిట్ జరుగుతుండగా వేరే ఊళ్లో ఉన్న కొడుకు ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేశాడు. రోగి బాత్రూంలో ఉన్నారు. విద్యార్థిని ఫోనెత్తింది. అమ్మకెలా ఉందని కొడుకు అడిగాడు. గుండె ఫెయిల్యూర్ అనుమానం ఉందని, రక్తపరీక్ష పంపామని చెప్పేసింది. కొడుకు కంగారుపడి, అమ్మను వెంటనే ఆసుపత్రిలో చేర్చండి, ఆవిడ వద్దన్నా వినొద్దు అన్నాడు.

మన ఇళ్లలో ఇది సహజం. రిపోర్టు ముందు కొడుకు చేతికే వెళ్తుంది, అమ్మకు ఎంత చెప్పాలో కొడుకే నిర్ణయిస్తాడు. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. రోగి అనుమతి లేకుండా కన్నకొడుక్కి కూడా చెప్పకూడదు. రికార్డులో నెక్స్ట్ ఆఫ్ కిన్ (దగ్గరి బంధువు) అని పేరున్నంత మాత్రాన నిర్ణయాధికారం రాదు. 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం ప్రతి పెద్దమనిషికీ నిర్ణయ సామర్థ్యం ఉందనే మొదలుపెట్టాలి. లేదని అనుమానం వస్తే ఆ నిర్దిష్ట నిర్ణయం గురించే పరీక్షించాలి: చెప్పింది అర్థమైందా, గుర్తుంచుకోగలరా, మంచిచెడ్డలు బేరీజు వేయగలరా, తమ నిర్ణయం ఏదో ఒక రూపంలో తెలియజేయగలరా. మనకు తెలివితక్కువ నిర్ణయంలా కనిపించినంత మాత్రాన సామర్థ్యం లేదనకూడదు. ఆరోగ్య విషయాల్లో లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున నిర్ణయించడానికి ముందే రాసిచ్చిన అధికార పత్రం) ఉన్న కొడుకు కూడా తల్లి సామర్థ్యం పోయినప్పుడే ఆమె తరఫున నిర్ణయించగలడు.

సరిదిద్దిన తీరు: విద్యార్థిని వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పింది. ఇద్దరూ రోగి దగ్గర కూర్చుని జరిగింది చెప్పి క్షమాపణ కోరారు. ఇన్సిడెంట్ రిపోర్టు నమోదైంది, యూనివర్సిటీకీ తెలిపారు. రోగి నొచ్చుకున్నారు. "వాడికి నేనే చెప్పుకునేదాన్ని" అన్నారు. ఆ తర్వాత ఎవరికి ఏం చెప్పవచ్చో ఆవిడ చేతే అడిగి రికార్డులో రాశారు. కొడుకు ఫోన్ చేస్తే చెప్పాల్సిన మాట కూడా సాధన చేయించారు: "మీ ఆందోళన అర్థమవుతోందండీ. అమ్మగారి అనుమతి లేకుండా వివరాలు చెప్పలేను. మీకు ఫోన్ చేయమని ఆవిడకు ఇప్పుడే చెప్తాను." కొడుకు చెప్పేది వినడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. అతని దగ్గర పనికొచ్చే సమాచారం ఉండవచ్చు.

ఆసుపత్రి వద్దన్న రోగి నిర్ణయాన్ని గౌరవించారు. ఏ లక్షణాలొస్తే అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయాలో పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన పెట్టారు.

కట్టు కట్టడం

నాలుగో వారానికి బరువు 76.9 కిలోలకు దిగింది. రెండు దిండ్లతో పడుకోగలుగుతున్నారు. ఈసారి డాప్లర్ కాళ్లు గుండె మట్టంలో ఉంచి కొలిచారు: చేతి పీడనం 138, ఎడమ కాలు 134, నిష్పత్తి 0.97. కుడి కాలు 140, నిష్పత్తి 1.01. గుండె ఫెయిల్యూర్ నర్సుతో మాట్లాడి ఎడమ కాలికి మాత్రమే, తక్కువ బిగువు రెండు పొరల కిట్‌తో మొదలుపెట్టారు. రెండు కాళ్లకూ ఒకేసారి పూర్తి బిగువు కడితే కాళ్లలో నిలిచిన నీరంతా ఒక్కసారిగా రక్తంలోకి చేరి గుండెకు మోయలేనంత భారం అవుతుంది. వారం గడిచాక ఆయాసం లేదు, బరువు పెరగలేదు, అప్పుడే పూర్తి బిగువుకు వెళ్లారు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయాలని చెప్పి, బరువు రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు చూసుకుని క్యాలెండర్ మీద రాయమన్నారు.

ముందు కాలు కడగాలి. బక్కెట్‌కి ప్లాస్టిక్ సంచి తొడిగి, గోరువెచ్చని కుళాయి నీళ్లు, సబ్బుకు బదులు తేమ క్రీము. పుండుకు స్టెరైల్ సెలైన్ అక్కర్లేదు, తాగడానికి పనికొచ్చే నీళ్లయితే చాలు. పది నిమిషాలు నానితే పొలుసులు మెత్తబడి ఊడతాయి. తుడిచాక క్రీమును వెంట్రుకలు వాలినవైపే, పై నుంచి కిందికి రాయాలి. ఎదురు రుద్దితే వెంట్రుకల మూలాలు పుండ్లు పడతాయి. బోదకాలు ఉన్న జిల్లాల్లో పనిచేసిన మన నర్సులకు, ఆశా కార్యకర్తలకు ఈ కాలు కడిగే పని కొత్తది కాదు. విద్యార్థిని ఈ ఒక్క పనిని మొదటి రోజు నుంచే చక్కగా చేసింది.

పాదం పిక్కకు లంబంగా, తొంభై డిగ్రీల్లో ఉండాలి. కిందికి వాలిన పాదానికి కట్టు కడితే నడిచేటప్పుడు చీలమండ ముందు మడత పడి చర్మం కోసుకుంటుంది. దూది పొర వేళ్ల మొదలు నుంచి మోకాలికి రెండు వేళ్ల కింద దాకా. కాలి ముందు ఎముక, చీలమండ ఎముకలు, మడమ వెనక టెండన్ (కండను ఎముకకు కలిపే పట్టీ), పాదం పైభాగం: ఈ చోట్ల దూది అదనంగా. పై పొరను తయారీదారు చెప్పిన సాగుతో, సగం మీద సగం పడేలా చుట్టాలి.

కొత్తవాళ్లు చేసే తప్పులు రెండున్నాయి. ఒకటి, పిక్క దగ్గరికొచ్చేసరికి లాగుడు పెంచడం. చీలమండ దగ్గర ఎక్కువ, మోకాలి వైపు తక్కువ ఉండాల్సిన బిగువు తలకిందులవుతుంది. పెద్ద చుట్టుకొలత మీద అదే లాగుడు తనంతట తానే తక్కువ పీడనం ఇస్తుంది కాబట్టి చేతి లాగుడు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. రెండోది, చివర మిగిలిన పట్టీని వృథా ఎందుకని మోకాలి కింద రెండు మూడు చుట్లు చుట్టేయడం. అది తాడు కట్టినట్టే. మిగిలింది కత్తిరించి పారేయాలి. విద్యార్థిని ఈ రెండో తప్పు సహోద్యోగి కాలి మీద సాధన చేసేటప్పుడే చేసింది. కట్టు కింద పీడనం కొలిచే పరికరంలో మోకాలి దగ్గరి అంకె చీలమండ కంటే ఎక్కువ కనిపించింది. ఆ అంకె చూశాక ఇక మళ్లీ చేయలేదు. రోగి కాలి మీద కట్టే ముందు సహోద్యోగుల కాళ్ల మీద కనీసం పదిసార్లు కట్టించాలని మేం అడిగేది ఇందుకే.

కట్టయ్యాక వేళ్ల రంగు, స్పర్శ, కదలిక చూడాలి. గోరు నొక్కి వదిలితే మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. ముదురు రంగు చర్మంలో ఎర్రదనం స్పష్టంగా కనపడదు, వేడి, గట్టిదనం, నొప్పిని బట్టే తెలుసుకోవాలి. పాఠ్యపుస్తకాల ఫొటోలు ఎక్కువగా తెల్లచర్మానివే కాబట్టి ఇది విద్యార్థులకు గట్టిగా చెప్పాలి.

ఇంకో లెక్క: కట్టు మొదలైనప్పుడు ఎడమ చీలమండ 26 సెంటీమీటర్లు, పది రోజులకు 23. పీడనం చుట్టుకొలతకు విలోమంగా మారుతుంది. అదే లాగుడుతో, అదే పట్టీతో కట్టినా పీడనం 13 శాతం పెరుగుతుంది. అందుకే చుట్టుకొలత ప్రతి వారం కొలిచారు, 25 సెంటీమీటర్ల లోపుకు దిగగానే కిట్ సైజు మార్చారు.

ఇంట్లోనే తెలిసే చిక్కులు

నర్సు వచ్చే రోజు రోగి ఫ్యూరోసెమైడ్ వేసుకోవడం లేదని ఐదో వారంలో బయటపడింది. మాత్ర వేసుకుంటే మూడు నాలుగు గంటలు బాత్రూం చుట్టూ తిరగాలి, నర్సు ఎప్పుడొస్తుందో తెలియదు. కట్టు సగంలో ఉండగా లేవాల్సి వస్తుందన్న భయం. వారానికి రెండు రోజులు మందు పోతున్నట్టే. విజిట్‌ను మధ్యాహ్నం రెండు తర్వాతకు మార్చారు, సమస్య తీరింది. రాత్రిపూట బాత్రూం దారిలో ఉన్న చిన్న మ్యాటు తీయించారు. కట్టుతో కాలు లావై పాత చెప్పులు పట్టక ఉత్త కట్టుతోనే జారుతూ నడుస్తున్నారు, వెల్క్రో ఉన్న వెడల్పు చెప్పులు తెప్పించారు.

ఆవిడ రోజుకు నాలుగైదు సిగరెట్లు కాలుస్తారు. కాలికి రాసే క్రీముల్లో పారఫిన్ ఉన్నా లేకపోయినా, అది బట్టలకు, కట్టుకు ఇంకితే నిప్పు తగిలినప్పుడు మామూలుకంటే చాలా వేగంగా అంటుకుంటుంది. ఉతికినా పూర్తిగా పోదు. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో దీనిపై హెచ్చరిక ఇచ్చింది. అగ్నిమాపక శాఖ వాళ్లచేత ఇంటి తనిఖీ చేయించి, పొగ అలారం పెట్టించారు. సిగరెట్ మానమని ఉపన్యాసం చెప్పలేదు. కుర్చీలో కూర్చుని కాల్చొద్దని, నిద్రొస్తున్నప్పుడు అసలు ముట్టించొద్దని అడిగారు. ఒప్పుకున్నారు.

ఫలితం

విద్యార్థిని ప్లేస్‌మెంట్ ముగిసే రోజుకు, అంటే బిగువు కట్టు మొదలై నాలుగు వారాలకు, పుండు 3.1 పొడవు, 2.2 వెడల్పు. వైశాల్యం 6.8, దాదాపు సగం. రసి బాగా తగ్గి విజిట్లు వారానికి ఒకటి అయ్యాయి. పుండు పూర్తిగా మానింది పద్నాలుగో వారంలో. విద్యార్థిని అది చూడలేదు. ప్లేస్‌మెంట్లు అలాగే ఉంటాయి, అందుకే ఆఖరి వారం ఆమె రాసిన హ్యాండోవర్ నోట్‌కు ప్రత్యేకంగా మార్కులిచ్చాం. అందులో కట్టు వివరాలకంటే ముందు, రోగి ఎక్కడ పడుకుంటారు, మాత్ర ఎన్ని గంటలకు వేసుకుంటారు, కొడుక్కి ఏం చెప్పవచ్చు అన్నవి ఉన్నాయి.

వాస్క్యులర్ విభాగానికి రెఫరల్ కట్టుతోపాటే వెళ్లింది, పుండు మానేదాకా ఆగలేదు. 2018లో వెలువడిన ఈవ్రా ట్రయల్‌లో చర్మానికి దగ్గరలో పాడైన సిరను తొలినాళ్లలోనే మూసేసిన రోగులకు పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 56 రోజులు, ఆలస్యం చేసినవారికి 82 రోజులు. మానాక బిగువు సాక్సు తప్పనిసరి. కొలతలు వాపు తక్కువుండే ఉదయంపూట తీసుకున్నారు. వేలికీళ్ల నొప్పుల వల్ల తొడుక్కోలేకపోతే తొడిగే ఫ్రేము ఇచ్చారు, మూడు నుంచి ఆరు నెలలకోసారి కొత్త జత.

మా బృందం మొదటి విజిట్ ఫారంలో నొప్పి ప్రశ్న కింద మూడు ప్రశ్నలు చేరాయి. రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఎన్ని దిండ్లు? దిండ్లు తీసేస్తే ఏమవుతుంది? డాప్లర్ పేజీలో అంకెల పక్కన కొత్త గడి ఒకటి: కొలిచేటప్పుడు గుండెకూ చీలమండకూ మధ్య ఎత్తు, సెంటీమీటర్లలో.